కిందికి చూస్తే

కటవారియా సరాయ్, న్యూఢిల్లీ
3 సెప్టెంబరు 2006, ఆదివారం

పెద్దమ్మకు కెరెన్ వందనాలు.

ఆరాధన ముగిశాక షారన్ అక్కతో కలిసి బస్సులో వచ్చి, అన్నం వండుకు తిని, ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను. షారన్ అక్క అంటే ఇక్కడి మన తెలుగు సంఘంలో పాట ఎత్తుకునే నర్సు, పోయినసారి రాశాను. మా వీధిలో సగం మందికి డెంగ్యూ. నేను దోమతెర కట్టుకునే పడుకుంటున్నాను కాబట్టి ఆ ప్రశ్న నువ్వు అడగక్కర్లేదు.

ఫోన్లో అయితే రెండు ముక్కలు చెప్పి తప్పించుకుంటానని ఉత్తరమే రాయమన్నావు. రాస్తున్నాను. ఈ కాలంలో కూడా ఇన్లాండ్ లెటర్లు కొనే మనిషి ఉందా అని ఆఫీసులో నన్ను వింతగా చూస్తున్నారు.

ఉద్యోగం సంగతి అడిగావు. గుర్‌గావ్‌లో మా కంపెనీ వీడియో గేములు తయారు చేస్తుందని నీకు తెలుసు. ఇన్నాళ్ళూ నా చేత చెట్లకు ఆకులు గీయించారు. ఇప్పుడు కొత్త పని. కొన్ని ఆటల్లో మనం మనిషి బొమ్మను బయటి నుంచి చూడం, ఆ మనిషి కళ్ళలోంచే లోకాన్ని చూస్తాం. తుపాకీ పట్టుకున్న చేతులు రెండు ఎదురుగా కనిపిస్తాయి. కానీ తల వంచి కిందికి చూస్తే ఏమీ ఉండదు. పొట్ట లేదు, కాళ్ళు లేవు, ఉత్త నేల. అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మరి ఆ అడుగులు ఎవరివి అని ఒకరోజు మీటింగులో అడిగాను. మా టీమ్ పెద్ద దశరథ్ గారు “ఠీక్ హై, కాళ్ళు నువ్వే పెట్టు” అన్నారు.

ఆట ఇది. ఒక ఆడమనిషి తప్పిపోయిన చెల్లెలిని వెతుకుతూ పాత మెట్ల బావిలోకి దిగుతుంది. ఆమె చీర కట్టుకుంటుంది. ఆమెకు శరీరం పెట్టడం నా పని. డిసెంబరు పదిహేనున విదేశం నుంచి క్లయింట్లు వచ్చి చూస్తారు. వాళ్ళకు నచ్చితే ఆమెకు శరీరం ఉంటుంది, నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. నచ్చకపోతే ఆమె గాలిలో తేలే కన్నుగానే మిగులుతుంది, నా కాంట్రాక్టు డిసెంబరుతో సరి.

టీమ్‌లో అందరూ జీన్సు వేసుకునే మగవాళ్ళు. నేను చీర కట్టేది క్రిస్మస్‌కు ఒక్కసారి. అందుకని నిన్ను అడుగుతున్నాను. నువ్వు నిలబడి కిందికి చూస్తే నీలో ఏమేం కనిపిస్తాయి? మెట్లు దిగేటప్పుడు ఎటు చూస్తావు? ఆలోచించి కాదు, చేసి చూసి రాయి. షుగర్ మాత్ర మానకు.

నీ ఆస్పత్రి క్వార్టర్స్‌లో పెరిగి నీ మాట వినకుండా పోయిన,
కెరెన్


నరసాపురం
14 సెప్టెంబరు 2006

కెరెన్ తల్లికి, దేవుని కాపుదల నీ మీద ఉండాలని పెద్దమ్మ రాసేది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. శరీరం లేదు, అడుగుల చప్పుడు ఉంది, పైగా పాడుబడ్డ బావి. ఇది దయ్యాల వ్యవహారం కాక మరేమిటి? యేసుకుమార్ పాస్టరు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, దీనికి ఉపవాసం అక్కర్లేదు గాని ప్రార్థన మాత్రం చేద్దాం అన్నారు. చేశాము. నువ్వు చెట్ల ఆకులే గీసుకుంటే బాగుండేది.

అయినా అడిగావు కాబట్టి చేసి చూశాను. మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ మగవాళ్ళ వార్డు మధ్యలో నిలబడి తల వంచాను. మేట్రన్‌గారికి ఏం పోయిందోనని ఇద్దరు పేషెంట్లు తమ మంచాల కింద వెతకడం మొదలుపెట్టారు.

మొదట కనిపించింది ముక్కు. ఒక్కో కంటికి ఒక్కో పక్క. యాభై నాలుగేళ్ళుగా అది అక్కడే అడ్డంగా ఉంటే నేను గమనించనే లేదు. తర్వాత ఛాతీకి పిన్నుతో పెట్టుకున్న గడియారం. నువ్వు చిన్నప్పుడు అది తలకిందులుగా ఉందని ఏడ్చేదానివి. ఎదుటివాళ్ళకు అది తలకిందులే. నాకు మాత్రం తిన్నగా ఉంటుంది, నాడి చూస్తూ టైము చూసుకోవాలి కదా. ఆ తర్వాత పొట్ట, దాని గురించి రాయను. కుచ్చిళ్ళు. కుచ్చిళ్ళ చివర చెప్పుల ముందు భాగం, అదీ ముందుకు వంగితేనే.

మెట్లు దిగేటప్పుడు ఎటు చూస్తానంటావు, ఇదేం ప్రశ్న? పాదాలే చూస్తాను. పాదం ఎక్కడ పడిందో చూడకపోతే పడినట్టు ఎలా తెలుస్తుంది? ఎడమ చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతాను. కరెంటు పోతే గోడ పట్టుకుని అక్కడే ఆగిపోతాను. మొన్న ఒక చెప్పు ఊడిపోతే రెండు వరండాలు నడిచాక గాని చూసుకోలేదు. ట్రైనింగ్ పిల్లలు వెనక ఒకటే నవ్వులు. పని ధ్యాసలో అంతే.

ఆ చెల్లెలు దొరుకుతుందో లేదో రాయి. మాత్ర వేసుకుంటున్నాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ రెబ్కా


కటవారియా సరాయ్
1 అక్టోబరు 2006

మా మెట్ల బావి కథానాయికకు వందనాలు.

అవును, నువ్వే. నీ గడియారం గురించి చదివిన మర్నాడే దశరథ్ గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తెర మూలన అంకెలు పెట్టక్కర్లేదు, టైము తెలియాలంటే ఆడేవాళ్ళు తల వంచి తన గుండె మీదే చూసుకోవచ్చు. ఆమె ఇప్పుడు నర్సు. తెల్ల చీర, గడియారం, ముక్కు అంచు కొద్దిగా. ముక్కు ఎక్కువ చేస్తే అందరికీ చిరాకు వచ్చింది, అందుకని తగ్గించాను. పాస్టరు గారికి చెప్పు, దయ్యం పోయింది, నర్సు వచ్చింది.

మెట్ల విషయంలో మాత్రం రెండు రోజులు వాదన జరిగింది. మెట్టు దిగేటప్పుడు చూపు దానంతట అదే పాదాల మీదికి వంగేలా చేశాను. ఆడేవాళ్ళు చూపు పక్కకు తిప్పితే అడుగు కాస్త తడబడుతుంది. చీకట్లో గోడ పట్టుకోవాలి. అలా ఎవరు నడుస్తారు అన్నారు మావాళ్ళు. చీర కట్టుకున్నవాళ్ళు నడుస్తారు, మా పెద్దమ్మ ముప్పై ఏళ్ళుగా ఆస్పత్రి మెట్లు అలాగే దిగుతోంది అన్నాను. అచ్ఛా, చీర వల్లా అని ఒప్పుకున్నారు. చీర గురించి వాళ్ళకేం తెలుసు?

ఇప్పుడు ఇంకా కావాలి. చెప్పులు విప్పి నడిస్తే నేల నీకెలా తెలుస్తుంది? గచ్చు, తడి, ఇసుక వేరువేరుగా ఎలా ఉంటాయి? కళ్ళు మూసుకుని నిలబడితే నీ ఒళ్ళు ఎక్కడ ఉన్నట్టు అనిపిస్తుంది? ఆమె పాదాల కింద నేలను, అడుగు చప్పుడులో, చూపు కదలికలో, నువ్వు చెప్పినట్టే చేస్తాను.

చెల్లెలు దొరుకుతుందో లేదో ఇంకా ఎవరూ నిర్ణయించలేదు.

కెరెన్


నరసాపురం
12 అక్టోబరు 2006

బంగారుతల్లి కెరెన్‌కు పెద్దమ్మ దీవెనలు.

నన్ను బొమ్మ చేశావని ఆయా తాయారమ్మకు చెప్పాను. ఆవిడ ఆస్పత్రి అంతా చెప్పింది. మేట్రన్ సినిమాలో వేస్తోందట అని ఓపీ క్యూలో అనుకుంటున్నారు. కళ్ళజోడు పెట్టావా? అంచు నల్లది. జుట్టు మరీ తెల్లగా వెయ్యకు. చీర బోర్డరు సన్నది, లావుది ఎప్పుడూ కట్టను.

నీ ప్రశ్నలు. చెప్పులు విప్పి మన పెరట్లో గచ్చు మీద, తర్వాత పక్కింటి రాజేశ్వరమ్మ గారి తులసి కోట దాటి వాళ్ళ వాకిట్లో ఇసుక మీద నడిచాను. ఆవిడ కిటికీలోంచి చూసి ఏమైందని కంగారు పడింది. నిజం రాయాలంటే నాకు పెద్ద తేడా తెలియలేదు. అంతా ఒకేలా, దూది పరుపు మీద నడిచినట్టు మెత్తగా ఉంది. రోజుకు పది గంటలు నిలబడ్డ పాదాలు కదా, మొద్దుబారి ఉంటాయి. ఇసుక అని కళ్ళకు కనిపించింది కాబట్టి ఇసుక అని తెలిసింది.

కళ్ళు మూసుకోవడం. పొద్దున్నే సబ్బు పెట్టుకుని ముఖం కడుక్కునేటప్పుడు ఎలాగూ మూసుకుంటాం కదా. అప్పుడు కొంచెం తూలుతాను, తుంటిని సింకుకు ఆనించి నిలబడతాను. అందరూ అలాగే నిలబడతారు కాబోలు, ఎవరి ముఖం కడుక్కోవడం ఎవరు చూశారు. ఇంతకుముందు నన్ను ఇలాంటివి ఎవరూ అడగలేదు, రాస్తుంటే సరదాగా ఉంది.

శుక్రవారాల్లో షుగర్ పేషెంట్లకు పాదాల క్లినిక్ నడుపుతున్నానని రాశానా? నైలాన్ దారంతో అరికాలు తాకించి, తెలుస్తోందా లేదా అని అడుగుతాను. పోయిన వారం ఒకాయన మడమలో మేకు పెట్టుకుని వచ్చాడు, తనకే తెలియదు. “నీ కాలు నీకు కనబడదా నాయనా” అని కేకలేశాను. మనుషులు తమ ఒంటి గురించి ఇంత అశ్రద్ధగా ఉంటారు.

పెద్దమ్మ


కటవారియా సరాయ్
5 నవంబరు 2006

పెద్దమ్మకు,

సంగతి బాగా లేదు. అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

పోయిన వారం మొదటిసారి బయటివాళ్ళ చేత ఆడించాం. పన్నెండు మంది వచ్చారు. గడియారం అందరికీ నచ్చింది. కిందికి చూడగానే చీర, చేతులు కనిపిస్తే ఒకమ్మాయి తన చేతులు కూడా ఒకసారి చూసుకుంది. అది చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత మెట్లు వచ్చాయి. తాగి దిగుతున్నట్టు ఉందని ఒకడు అన్నాడు. పడవలో ఉన్నట్టు ఉందని ఇంకొకడు. నేల మెత్తగా ఉందేమిటి, అడుగు పడ్డట్టే లేదే అని తొమ్మిది మంది రాశారు. ఆ అమ్మాయికి కడుపులో తిప్పి బయటకు పరుగెత్తింది. ఈ నెలాఖరులోగా సరిచేయకపోతే క్లయింట్లకు కాళ్ళు లేకుండానే చూపిస్తామని దశరథ్ గారు చెప్పేశారు.

తప్పు నాదే అయి ఉంటుందని, నిన్న మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర గంటసేపు నిలబడ్డాను. దిగేవాళ్ళలో వందమంది కళ్ళను లెక్కపెట్టాను. మొదటి మెట్టు దగ్గర ఒకసారి కిందికి చూస్తారు, అంతే. తర్వాత ఎదురుగానో, పక్కవాళ్ళ వైపో చూస్తూ దిగిపోతారు. చీర కట్టుకున్నవాళ్ళూ అంతే. కుచ్చిళ్ళు పట్టుకుంటారు గాని పాదాలు చూడరు. వందలో ముగ్గురు చూశారు, ముగ్గురూ కర్రతో నడిచేవాళ్ళే. తర్వాత నేనే కళ్ళు మూసుకుని చెప్పులు విప్పాను. చల్లటి రాయి, దాని మీది గరుకు, ఇసుక రేణువు కూడా తెలిశాయి.

నువ్వు రాసినవన్నీ రాసినట్టే పెట్టాను. నిజం చెప్పు పెద్దమ్మా, నన్ను ఆటపట్టించడానికి రాశావా? దయ్యాల పని మానిపిద్దామనుకున్నావా? కోపం రాదు, చెప్పు. నాకు ఇంకా నలభై రోజులే ఉన్నాయి.

కెరెన్


నరసాపురం
16 నవంబరు 2006

కెరెన్‌కు,

ముప్పై ఏళ్ళుగా జ్వరం పట్టీలు రాసిన చెయ్యి ఇది. నూట రెండు ఉంటే నూట ఒకటి అని ఎవరి మొహం చూసీ రాయలేదు. నిన్ను ఆటపట్టించడానికి నాకు వేరే పని లేదనుకున్నావా?

నా చేతుల మీద పెరిగిన పిల్ల నా మాట నిజమో కాదో తేల్చుకోవడానికి స్టేషన్లో ఊళ్ళోవాళ్ళ కళ్ళు లెక్కపెట్టడం నాకు కష్టంగా ఉంది. చాలా కష్టంగా ఉంది.

నీ ఉత్తరం వచ్చాక ట్రైనింగ్ పిల్లలు ఎనిమిది మందిని మేడ మెట్లు దించాను. ఒక్కతీ కిందికి చూడలేదు. కబుర్లు చెప్పుకుంటూ గెంతుకుంటూ దిగారు. ఇలా దిగితే ఏదో ఒకరోజు ట్రేతో సహా పడతారని అందరికీ చీవాట్లు పెట్టాను. నేటి పిల్లలకు జాగ్రత్త లేదు, మీ ఢిల్లీవాళ్ళకు అసలే లేదు. నీ ఆట ఆడినవాళ్ళూ ఆ బాపతే అయి ఉంటారు.

నేను పాదాలు చూసుకునే నడుస్తాను. నా పాదాలు నాకు రోజూ కనిపిస్తూనే ఉంటాయి. అయినా ఈ వయసులో చెప్పు కొంచెం కుడి కాలికి బిగుతవుతోంది, వాపు కాబోలు. ఇది కూడా కల్పించి రాశానంటావేమో.

ఇకపై ఆట సంగతి నన్ను అడగకు.

రెబ్కా


కటవారియా సరాయ్
26 నవంబరు 2006
స్పీడ్ పోస్టు

పెద్దమ్మా,

దయచేసి కోపంతో చింపెయ్యకు. నిన్నా మొన్నా ఆస్పత్రికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. డ్యూటీలో ఉన్నానని చెప్పించావు. పక్కన నీ గొంతు నాకు వినిపించింది. అందుకని ఇదే దారి.

నిన్న షారన్ అక్క మా ఆఫీసు చూస్తానంటే తీసుకువెళ్ళాను. ఆమెకు కంప్యూటర్ ఆటలు తెలియవు. మీట నొక్కితే నడుస్తుంది అని చెప్పి బావి దగ్గర వదిలాను. గడియారం చూసి నవ్వింది. మెట్లు దిగింది. చూపు పక్కకు తిప్పింది, తడబడింది. నేల మీద ఆగింది, మళ్ళీ దిగింది. చీకట్లో కాళ్ళు కనిపించకుండా పోయేసరికి ఆగి గోడ పట్టుకుంది. అప్పుడు మీట మీంచి చెయ్యి తీసేసి నా వైపు తిరిగింది.

“ఈ పేషెంటుకి ఎన్నేళ్ళే? షుగరు ఎన్నాళ్ళ నుంచి ఉంది?” అంది.

పేషెంటు కాదక్కా, మామూలు మనిషే అన్నాను. ఎవరు చెప్పగా చేశావు అని అడిగింది. గదికి తీసుకువచ్చి నీ ఉత్తరాలు చూపించాను. మంచం మీద కూర్చుని పెన్నుతో గీతలు గీసుకుంటూ చదివింది. పాదం చూడకపోతే పడినట్టు తెలియకపోవడం. చెప్పు ఊడినా తెలియకపోవడం. దూది పరుపు. కళ్ళు మూసుకుంటే తూలడం. ఒక కాలి చెప్పు బిగుతు. అన్నిటి కిందా గీతలే. ఇవన్నీ చీర వల్ల వచ్చేవి కావు, పాదాల్లో స్పర్శ పోతే వచ్చేవి అంది. ఆ వాపు గురించి చదివాక ఆమె ఇంక నవ్వలేదు.

నువ్వు అబద్ధం రాయలేదు. ఒక్క ముక్క కూడా రాయలేదు. నేనే దాన్ని చీర అనుకున్నాను. నేల తెలియని పాదాలను రెండు నెలలు కూర్చుని గీశాను, అవి నీవేనని తెలిసి కూడా నాకు తట్టలేదు. నన్ను క్షమించు.

వచ్చే శుక్రవారం క్లినిక్‌లో అందరికీ చేసే పరీక్ష నీకు చేయించుకో. నువ్వు చేసుకోవద్దు, వేరేవాళ్ళ చేత. కళ్ళు మూసుకో. తర్వాత అరికాళ్ళు అద్దంలో చూసుకో. ఆ వాపు కాలు ముందు చూసుకో. నాకు భయంగా ఉంది.

నీ కెరెన్


నరసాపురం, ఆడవాళ్ళ వార్డు
2 డిసెంబరు 2006

కెరెన్ తల్లీ,

నీ ఉత్తరం గురువారం అందింది. చదివి, మేట్రన్‌కు పాఠం చెబుతున్నారా ఇద్దరూ కలిసి అనుకున్నాను. మడిచి సొరుగులో పెట్టాను. నిన్న శుక్రవారం క్లినిక్‌లో పదకొండు మంది పాదాలు చూశాను. అందరూ వెళ్ళిపోయాక తాయారమ్మ గది ఊడుస్తుంటే, పేషెంట్లు కూర్చునే కుర్చీలో నేను కూర్చుని ఆవిడ చేతికి దారం ఇచ్చాను. ఎక్కడెక్కడ తాకించాలో ఆవిడకు తెలుసు, పదేళ్ళుగా చూస్తోంది.

కళ్ళు మూసుకున్నాను. తెలిసినప్పుడల్లా అవును అనాలి. కూర్చున్నాను. ఆవిడ చీర చెంగు సర్దుకుంటోందేమో అనుకున్నాను. చాలాసేపు అయింది.

“మొదలుపెట్టవే తాయారూ” అన్నాను.

“అయిపోయిందండీ. పది చోట్లా తాకించేశానండి” అంది.

కళ్ళు తెరిస్తే ఆవిడ ఏడుస్తోంది. నేను ఏడవలేదు. సిగ్గు వేసింది. ఎంతమందిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి కేకలేశానో అదంతా గుర్తొచ్చింది. అద్దం తెప్పించాను. కుడి పాదం కింద, రెండో వేలి మొదట్లో నల్లటి గాయం. అందులో నోటీసు బోర్డుకు గుచ్చే పిన్ను ఉంది. చెప్పు అడుగు నుంచి దిగి అక్కడే ఉండిపోయింది. ఎన్ని రోజులైందో తెలియదు. నేను రోజూ పాదాలు చూసుకుంటూనే నడిచాను తల్లీ, పైనుంచి. అరికాలు మన కళ్ళకు ఎక్కడ కనిపిస్తుంది?

సర్జన్ మురళీకృష్ణ గారు సాయంత్రమే చూశారు. చీము ఎముక దాకా వెళ్ళిందట. మంగళవారం పొద్దున్న ఆపరేషన్. ఒక్క వేలుతో సరిపోతుందో, సగం పాదం తీయాలో, ఇంకా పైకి వెళ్ళాలో తెరిచి చూస్తే గాని చెప్పలేమన్నారు. ఆయనకు నేనే ట్రే అందిస్తూ ఇదే మాట ఎన్నోసార్లు విన్నాను. పేషెంటుగా వింటే వేరేగా వినిపిస్తుంది. భయంగా ఉంది. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

నువ్వు రావద్దు. పదిహేనున నీ పని ఉంది. ఆవిడ మెట్లు సరిచెయ్యి, గచ్చు గచ్చులాగే ఉండాలి. తాయారమ్మ నన్ను చూసుకుంటుంది.

పెద్దమ్మ


కటవారియా సరాయ్
7 జనవరి 2007

పెద్దమ్మకు కొత్త సంవత్సరపు వందనాలు.

క్షేమంగా చేరాను. దారిలో నువ్వు కట్టిచ్చిన పూతరేకులు బోగీ అంతా పంచాను. ఇక్కడ చలి, పొగమంచు. బస్సు ఎదురుగా వచ్చేదాకా కనిపించడం లేదు.

రావద్దన్నా వచ్చానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కట్టు విప్పినప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకున్నావు. అది నేను మర్చిపోను. వేలు ఒక్కటే పోయింది, పాదం నిలబడింది. ఇంకో వారం ఆలస్యమైతే మోకాలి కింద దాకా తీసేవాడినని డాక్టరు గారు నాతో వరండాలో చెప్పారు. నీతో అన్నారో లేదో తెలియక అక్కడ ఉండగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, తెలియాలని.

కట్టు విప్పినప్పుడు నీ అరికాలు చూశాను. పెద్దమ్మా, ఆ ఆటలో నీ పాదాలకు గోళ్ళు గీశాను, మెట్టెలు ఉండాలా వద్దా అని వాదించాను, చీలమండ మీద నరం కూడా గీశాను. అరికాళ్ళు మాత్రం గీయలేదు. ఆడేవాళ్ళకు కనిపించనివి గీయడం దండగ అని మా పనిలో మొదటి రోజే నేర్పుతారు. అక్కడ ఉత్త ఖాళీ. నీ కట్టు మార్చిన రోజంతా అదే గుర్తుకొచ్చింది.

డ్రెస్సింగ్ రోజు విడిచి రోజు మార్పించుకో. షారన్ అక్క కుట్ల గురించి అడిగింది. చెప్పుల కొలతలు పంపితే మెత్తటి బూట్లు ఇక్కడ చేయిస్తానంది. ఒంటరిగా నడవకు. బాత్రూంలో చాప తీసేయించు, కాలికి తగులుకుంటే నీకు తెలియదు.

ఆట సంగతి: పదిహేనున దశరథ్ గారు నేను లేకుండానే చూపించారు. క్లయింట్లకు బావి నచ్చింది, గడియారం ఇంకా నచ్చింది. గడియారాన్ని తెర మూలన పెట్టుకుంటారట. శరీరం వద్దన్నారు. నా కాంట్రాక్టు అయిపోయింది. నేను బాగున్నాను.

కెరెన్


నరసాపురం
18 జనవరి 2007

నా కెరెన్ తల్లికి,

కుట్లు విప్పారు. వాకర్‌తో వార్డు చివరిదాకా వెళ్ళి వచ్చాను. డాక్టరు గారు వరండాలో అన్నది నాకు తెలుసు, ఆయన ముఖం చదవడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. అయినా నువ్వు రాసినందుకు సంతోషం.

నీకొక నిజం బాకీ ఉన్నాను. నాకు తెలియక కాదు. రెండేళ్ళ కిందటే అనుమానం వచ్చింది. ఆ దారం రోజూ నా చేతిలోనే ఉంది. తాకించుకుంటే జబ్బు ఉందని తేలిపోతుంది, తేలితే వార్డులో నిలబడనివ్వరు, నిలబడకపోతే నేనేం చేయాలో నాకు తెలియదు. అందుకని మొద్దుబారాయి, వయసు, పని ధ్యాస అని నాకు నేనే చెప్పుకున్నాను. డాక్టరు అడిగితే బాగున్నాను అనేదాన్ని. నువ్వు మాత్రం జబ్బు గురించి అడగలేదు. నేల ఎలా ఉంది అని అడిగావు. ఆ ప్రశ్నకు అబద్ధం సిద్ధంగా లేదు, ఉన్నది ఉన్నట్టు రాసేశాను. నువ్వు నన్ను అనుమానించినప్పుడు నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

మొన్న శుక్రవారం కుర్చీలో కూర్చునే క్లినిక్ చేశాను. తిమ్మిరి ఉందా అంటే అందరూ లేదనే అంటారు. ఈసారి నీ ప్రశ్నలు అడిగాను. మెట్లు దిగేటప్పుడు ఎటు చూస్తావు? సబ్బు పెట్టుకుని ఎలా నిలబడతావు? మన పక్కింటి రాజేశ్వరమ్మ గారు, పాదాలే చూస్తాను, అందరూ అంతే కదండీ అన్నారు. చెప్పులు విప్పించాను. గాయం ఇంకా చిన్నదే. కేకలు వేయలేదు.

నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నా కట్టు, నా కుట్లు, నా చెప్పులు, నా బాత్రూం చాప, మూడు పేజీలు. ఉద్యోగం పోయిన పిల్ల గురించి ‘నేను బాగున్నాను’ అని ఒక్క వరస. అది నేను డాక్టరుకు చెప్పే మాటే.

ఇన్ని నెలలు నువ్వు నన్ను అడిగావు, నేను నిన్ను ఒక్కటీ అడగలేదు. నీ గదిలో తలుపు వేసుకో. చెప్పులు విప్పి నిలబడు. తల వంచు. ఏమేం కనిపిస్తున్నాయో, కాళ్ళ కింద నేల ఎలా ఉందో రాయి. నేను ఎదురుచూస్తుంటాను.

పెద్దమ్మ